పక్కింటి అవ్వ

ఇది ఎప్పుడో రాయవలసింది. రాయకపోవడానికి అడిగినవాళ్లకు చెప్పే కారణం ఒకటుంది, అది నిజమే. అప్పట్లో నాకు అక్షరాలు రావు. మా చర్చి వరండాలో ఆడవాళ్లకు సాయంత్రం చదువు మొదలుపెట్టేసరికి నా మనవరాలు బడికి పోతోంది. పలక ఒళ్లో పెట్టుకుని దిద్దుతుంటే, చిన్నప్పటినుంచి బీడీలు చుట్టిన నా వేళ్లు బలపాన్ని కూడా ఆకులో పెట్టి చుట్టబోయేవి. పంతులమ్మ నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. ముందు నా పేరు వచ్చింది, తరువాత దుకాణాల బోర్డులు, బస్సుల మీద ఊళ్ల పేర్లు, చివరికి బైబిలు. కానీ రాయడం వచ్చిన తరువాత కూడా చాలా కాలం ఏమీ రాయలేదు. రెండో కారణం అక్కడుంది. ఏ మాట మొదలుపెట్టినా అది మా తమ్ముడి దగ్గరికి పోయేది. తమ్ముడి గురించి రాస్తే మా అవ్వ గురించి రాయాలి. అవ్వ గురించి రాస్తే, మేము ముగ్గురం ఇన్నేళ్లుగా దేనికి తలవంచుకుని బతికామో రాయాలి. మొన్నటి చెరకు కోతల కాలంలో తమ్ముడు ఒకసారి ఇంటికి వచ్చి వెళ్లాడు. ఆ తరువాత రాయకుండా ఉండలేకపోయాను.

మా వైపు కన్నతల్లిని అవ్వ అంటాం. మా అవ్వ పేరు ఎస్తేరు. తమ్ముడు ఇమ్మానుయేలు. బయట అతన్ని మను అంటారు, పాటల కింద ఆ పేరే పడుతుంది. మీరు అతని పేరు వినకపోయినా పాట వినే ఉంటారు. పెండ్లి బరాత్‌లో, బస్సులో, ఎవరిదో ఫోనులో, ఎక్కడో ఒకచోట మీ చెవిన పడే ఉంటుంది. అతను ఒకప్పుడు కవి అని ఇప్పుడు చాలామందికి తెలియదు. అంతకు ముందు ఏమిటో ఎవరికీ తెలియదు. అంతకు ముందు అతను మా ఇంట్లో దీపం పట్టుకునే పిల్లవాడు.

మా ఇల్లు బోధన్ ఊరి చివర, చెరకు తోటలు మొదలయ్యే దగ్గర. పెండ్లయి పిల్లలు పుట్టినా నేను ఆ ఇల్లు విడవలేదు, ఇప్పుడూ అవ్వా నేనూ అక్కడే ఉంటున్నాం, పెంకులు పోయి రేకులు వచ్చాయి, అంతే. నా చిన్నప్పుడు చక్కెర ఫ్యాక్టరీ నడిచేది. సీజన్ వచ్చిందంటే బెల్లం మాడినట్టు, పులిసినట్టు ఒక వాసన ఊరంతా కమ్ముకుని, ఆరేసిన బట్టల్లోకి, నీళ్ల కుండలోకి, తలలోకి కూడా పట్టేది. దానికి తోడు మా ఇంట్లో తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు. నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన ఫ్యాక్టరీ యార్డులో చెరకు బండ్లు దించేవాడు. సైరన్‌తో లేచి, సైరన్‌తో వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. చెరకు ఆకు కోసిన గీతలు ఆయన మెడమీద, చేతులమీద ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అన్నం ముందు కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తే, అది ప్రార్థనో నిద్రో మాకు తెలిసేది కాదు. అవ్వ గట్టిగా "ఆమెన్" అంటే లేచి తినేవాడు.

తమ్ముడు చంటివాడిగా ఉన్నప్పుడు అవ్వకు పెద్దరోగం వచ్చింది. కుష్టును మేము ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు, పెద్దరోగం అనే అన్నాం. డిచ్‌పల్లి దవాఖానలో చాలా కాలం ఉంచారు. అక్కడ మంచిగా చూశారని, పాటలు నేర్పారని, గులాబీ చెట్లు ఉండేవని అవ్వ ఇప్పటికీ చెబుతుంది. రోగం నయమైంది. నయమై ఇంటికి వచ్చిన మనిషికి వేళ్లు మాత్రం పోయినవి పోయాయి. కుడిచేతి చివరి రెండు వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి, ఎడమచేతి నడిమివేలు మొదలు మాత్రమే మిగిలింది. చేతులకు, పాదాలకు స్పర్శ లేదు. పొయ్యిమీది గిన్నె పట్టుకుంటే కాలినట్టు తెలియదు, ముల్లు దిగితే దిగినట్టు తెలియదు. అందుకే దవాఖానవాళ్లు ఒక అలవాటు నేర్పి పంపారు. రోజూ సాయంత్రం కాళ్లు నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, చేతులు కాళ్లు వెలుతురులో తిప్పి తిప్పి చూసుకోవాలి. చర్మం నొప్పి చెప్పదు కాబట్టి కళ్లే కనిపెట్టాలి. చిన్న పుండును చూడకుండా వదిలితే అదే ఇంకో వేలును తింటుందన్నారు.

మా ఇంట్లో పొద్దుగూకితే జరిగే పని అది. తలుపు దగ్గరికి వేసేవాళ్లం. అవ్వ పీట మీద కూర్చునేది, నేను తాంబాళంలో గోరువెచ్చని నీళ్లు తెచ్చి కాళ్లు కడిగి నూనె పట్టించేదాన్ని, తమ్ముడు దీపం పట్టుకుని చూసేవాడు. వాడి కళ్లు మంచివని అవ్వ వాడికే ఆ పని ఇచ్చింది. చిన్నపిల్లవాడు, విసుగొచ్చేది. విసుగు పోవడానికి ఒక్కో వేలికి ఒక్కో మాట కట్టడం మొదలుపెట్టాడు.

"సిటికెనేలు సిన్నది, సీమ కుట్టెనా
ఉంగరమేలు ఊకున్నది, ఉడుకు దాకెనా
సెప్పవైతివి అవ్వా, సూస్తనే నేను."

ఎడమచేతికి వచ్చేసరికి, లేని నడిమివేలు దగ్గర ఆగకుండా, ఊపిరి కూడా తీసుకోకుండా, పక్క వేలికి దూకేవాడు. అక్కడ ఒక ఖాళీ ఉన్నట్టు పాటలో తెలిసేదే కాదు. ఎవరు నేర్పారు వాడికి? అరికాలు దగ్గరికి వచ్చి "గిలిగిలి" అని వేలితో గీకేవాడు. అవ్వకు ఆ గీకుడు తెలియదు. తెలియకపోయినా సరిగ్గా ఆ మాట దగ్గర కాలు వెనక్కి లాక్కుని నవ్వేది. తమ్ముడు ఇంకా గట్టిగా నవ్వేవాడు. వాడు చాలా రోజులు అవ్వకు నిజంగానే గిలి అవుతుందనుకునేవాడని నా అనుమానం. నాకు మాత్రం తెలుసు. నేను నూనె చేత్తో కిందకు చూస్తూ ఉండేదాన్ని.

నేను బడికి పోలేదు, ఎందుకంటే అవ్వకు చేతులు నేనే. వంట నేను, ఉతుకుడు నేను, బీడీలు నేను. తమ్ముడిని హాస్టల్లో వేశారు. అది ఎవరి తప్పనీ నేను అనను, అప్పుడు అలా కుదిరింది. అవ్వ బయటికి పోతే చేతులు కొంగు కింద పెట్టుకునేది. నీళ్ల దగ్గర ఎవరూ ఏమీ అనకముందే తనే వెనక్కి జరిగి, అందరూ ముంచుకున్నాక కుండ పెట్టేది. చర్చిలో చివరి బెంచీ. ఆ కొంగు పట్టడంలో ఆమెకు ఎంత నేర్పంటే, కొత్తవాళ్లు ఎంతసేపు మాట్లాడినా చేతులు చూడకుండానే వెళ్లిపోయేవారు. ఆమెను చూసి మేమూ నేర్చుకున్నాం. ఇంటికి ఎవరైనా వస్తే నేను ఆమెకు, వాళ్లకు మధ్యన నిలబడేదాన్ని. నిలబడుతున్నానని తెలియకుండానే నిలబడేదాన్ని.

బాపు పోయినప్పుడు తమ్ముడు ఇంకా హాస్టల్లోనే ఉన్నాడు. ఆ తరువాతే కవిత్వం పట్టింది. సెలవులకు వస్తే చెరకు బండ్ల వరుస పక్కన నిలబడి పెదవులు కదిపేవాడు. నిజామాబాద్‌లో కవులు కూడే చోటుకు పోయేవాడు, రాత్రికి అక్కడే ఎవరింట్లోనో పండుకుని మర్నాడు వచ్చి మాకు చదివి వినిపించేవాడు. నాకు అన్నీ అర్థమయ్యేవి కావు. కానీ ఒక కవితలో చెరకు నరికే ఆడమనిషి నరికిన గడ మీదే కూర్చుని బిడ్డకు పాలిస్తుంది, అది విని నేను చేతిలో ఆకు కత్తిరించడం మరిచిపోయాను. అవ్వ అడిగింది, "ఆమెకు కూలి ఇచ్చిండ్రా లేదా? గది రాయకపోతివి." తమ్ముడు నవ్వి, మర్నాడు ఆ మాట చేర్చాడు.

ఒకసారి అలాగే నిజామాబాద్ నుంచి వచ్చి కాళ్లయినా కడుక్కోకుండా కూర్చున్నాడు. సభలో అతన్ని పరిచయం చేసిన పెద్దమనిషి, తల్లీ తండ్రీ లేని హాస్టల్ బిడ్డ అని చెప్పాడట. జనం చప్పట్లు కొట్టారట. తమ్ముడు లేచి కాదని చెప్పలేదు. తరువాత పుస్తకం వేసినప్పుడు కూడా అదే మాట అచ్చు వేశారు, అప్పుడూ చెప్పలేదు. ఆ సభ నుంచి వచ్చిన రోజు మాత్రం అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. అవ్వ అంది, "పోనీ తియ్, బాపు పోయిన మాట నిజమే కదా. నేను గూడ పోతే మంచిగే అయింది. చావు ఖర్చు తప్పింది." ముగ్గురం నవ్వాం. నవ్వడం నాకు బాగా గుర్తుంది. ఎందుకు నవ్వామో ఇప్పుడు అర్థం కాదు. అతను ఎందుకు చెప్పలేదో మేము అడగలేదు, అడగవలసిన అవసరం లేకపోయింది. తల్లి ఉందంటే ఎక్కడుంది అంటారు, తీసుకురా అంటారు.

కవిత్వం పేరు తెచ్చింది కానీ అన్నం పెట్టలేదు. ఫ్యాక్టరీ ప్రైవేటువాళ్ల చేతికి పోయి, ఊరిలో సగం మంది వేరే పనులకు చెదిరిపోయిన రోజులవి. హైదరాబాద్‌లో ఒక క్యాసెట్ల ఆయన తమ్ముణ్ణి పిలిచి, నీ కవితలు కాదు, జనం ఎగిరేవి రాయి అన్నాడట. రాశాడు. మొదట బావా మరదళ్ల పాటలు, తరువాత సినిమాల్లో ఒకటీ అరా, ఇప్పుడు ఫోనుల్లో చూసే పాటలు. మా చర్చి పెద్దాయన భార్య ఒకరోజు ఆరాధన అయ్యాక నన్ను ఆపి, "సువార్తా, మీ తమ్ముడు పరలోకం పాటలు ఇడిసిపెట్టి బరాత్ పాటలు పట్టిండట," అంది. నేను నేల చూపులు చూశాను. వెనకనుంచి అవ్వ అంది, "పరలోకంల డీజే లేదు కదమ్మా, ఏం చేస్తడు వాడు." ఆమెకు ఎవరైనా తమ్ముణ్ణి ఒక మాటంటే అప్పుడే నోరొచ్చేది. తన గురించి అంటే రాదు.

ఆ వేళ్ల పాట కూడా అలాగే వచ్చింది. మేము మొదట విన్నది రోడ్డు మీద పోయే చెరకు ట్రాక్టరులో. ఇప్పుడు మా ఫ్యాక్టరీ మూతపడి చెరకు వేరే ఊళ్ల ఫ్యాక్టరీలకు పోతుంది, ట్రాక్టరుకు రెండేసి ట్రాలీలు, డ్రైవరు తలకాయ పక్కన పెద్ద స్పీకరు. "సిటికెనేలు సిన్నది, సీమ కుట్టెనా" అని ఆడగొంతు. తరువాత మగగొంతు, "సెప్పవైతివి పిల్లా, సూస్తనే నేను." మధ్యన డప్పులు. నేను వాకిట్లో ఆకు తడుపుతున్నాను, చెయ్యి నీళ్లలోనే ఉండిపోయింది. ట్రాక్టరు మూల తిరిగేదాకా అవ్వ వింది. "నడిమేలుకు గూడ పాట కట్టిండు," అంది. "మనింట్ల నడిమేలు యాడిది?" కోపం లేదు ఆ మాటలో. కొడుకు కట్టిన కొత్త ఇల్లు చూసి వచ్చి, మన ఇంట్లో లేని గది ఒకటుంది అని చెప్పినట్టు అంది.

ఆ యేడు ప్రతి పెండ్లిలో అదే పాట. పిల్ల చేతులు ముందుకు చాపి వేళ్లు ఒక్కొక్కటే విరుస్తుంది, పిలగాడు ఆ వేళ్లు లెక్కపెడుతూ ఎగురుతాడు. ఒక పెండ్లిలో మా వాడకట్టు ఆడవాళ్లు, పాట రాసినాయన అక్కవు నువ్వు ఎగరకపోతే ఎట్లా అని నన్ను మధ్యలోకి లాగారు. నేనూ చేతులు చాపి ఎగిరాను. నా పదివేళ్లూ బాగున్నాయి. ఇంటికి వచ్చి అవ్వ కాళ్లు కడుగుతుంటే, ఆ పాట నోట్లోంచి వస్తుందేమోనని పళ్లు బిగబట్టుకున్నాను.

ఇక మొన్నటి సంగతి. నిజామాబాద్‌లో తమ్ముడికి సన్మానం పెట్టారు, ఆదివారం సాయంత్రం. దానికి ముందు శనివారం ఒక టీవీ వాళ్లు అతను పుట్టిన ఇల్లు చూపిస్తామని అన్నారట. ఆదివారం పొద్దున మా చర్చికి కూడా వస్తానని తమ్ముడు పాస్టరయ్యకు మాట ఇచ్చాడు. శనివారం పొద్దున కారులో ఒక్కడే ముందుగా వచ్చాడు. జుట్టుకు రంగు వేసుకున్నాడు, సెంటు వాసన. నాకోసం చీర, అవ్వకోసం మెత్తటి చెప్పులు తెచ్చాడు. ఆ చెప్పులు డిచ్‌పల్లిలో చేయించినవే, స్పర్శ లేని పాదాలకు లోపల మెత్త వేసి కుడతారు. ఇన్నేళ్లలో వాటిని అతను ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఇది రాయకపోతే అతనికి అన్యాయం చేసినదాన్ని అవుతాను.

నన్ను వంటింట్లోకి పిలిచి, "అక్కా, వాళ్లకు అవ్వ లేదనే తెలుసు," అన్నాడు.

"ఎవలు చెప్పిండ్రు లేదని?"

"నేనెప్పుడు చెప్పిన? వాళ్లే అనుకున్నరు. నేను కాదనలే."

"ఇయ్యాల అనరాదు?"

"ఇన్నేండ్లు ఏం చేసినవ్ అంటరు. తల్లిని బతికుండంగనే సంపిండు అంటరు. ఫోన్లల్ల ఎట్ల తిడ్తరో నీకెర్క లేదు. రేపు సన్మానం పెట్టుకొని ఇయ్యాల ఇజ్జత్ తీసుకోవాల్నా? ఒక్క దినం అక్కా."

మంచం మీది నుంచి అవ్వ అంది, "ఏందిరా గుసగుసలు? సచ్చినదాన్ని, నేను ఇంటే ఏమైతది?"

తమ్ముడు బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమే ఉపాయం చెప్పింది. పక్కింటివాళ్లు మాక్లూర్‌లో బిడ్డ దగ్గరికి పోయారు, ఇంటికి తాళం వేసి ఉంది. వాళ్ల అరుగు మీద కూర్చుంటానంది. ఎవరైనా అడిగితే పక్కింటిదాన్ని అంటానంది.

"లోపట పండుకోరాదు?" అన్నాను.

"ఎందుకు పండుకోవాలె? వాడు టీవీల ఎట్ల మాట్లాడుతడో నేను సూడొద్దా?"

తమ్ముడు కాదంటాడని చూశాను. అతను ఫోను తీసి టైము చూసుకున్నాడు. నేను అవ్వను లేపి, తల దువ్వి, చేయి పట్టి పక్కింటి అరుగు ఎక్కించాను. ఎండ పడకుండా మూలకు జరిపి, కొంగు ఆమె చేతుల మీద నేనే సరిచేశాను. ఎవరూ చెప్పకుండానే చేశాను. ఆ రోజు జరిగినదాంట్లో నా వంతు అది.

టీవీ వాళ్లు ఇద్దరే వచ్చారు. ఒక అమ్మాయి, చేతిలో మైకు. కెమెరా పట్టుకున్న ఒకతను. ఆ అమ్మాయి మంచిదే, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది, నేను ఇచ్చిన చాయ్ తాగింది. తమ్ముడు పొయ్యి చూపించాడు, బాపు ఫోటో చూపించాడు, తాను కూర్చుని చదువుకున్న మూల చూపించాడు. ఈ ఇంట్లోనే అక్క తనను పెంచిందని చెప్పాడు. నేను తలూపాను. బయటికి వచ్చాక ఆ అమ్మాయి పక్క అరుగు చూసింది.

"అవ్వా, మీరు ఇక్కడే ఉంటారా? మను గారిని చిన్నప్పటినుంచి చూశారా?"

"సూడకేం బిడ్డా. గీ వాడకట్టంత ముక్కు కార్చుకుంట తిరుగుతుండె. ఇప్పుడు సెంటు కొట్టుకొని వచ్చిండు."

కెమెరా అతను నవ్వాడు. ఆ అమ్మాయి అరుగు అంచున కూర్చుని మైకు దగ్గరగా పెట్టింది.

"బాగా అల్లరి చేసేవారా?"

"అల్లరి లేదు. మాటలెక్కువ. అన్నం పెట్టి తినురా అంటే, ఆగు అవ్వా, ఇంకొక్క మాట దొరకలే అంటుండె." ఆగింది. ఆమె తొణకలేదు. "వాళ్లవ్వతోని అంటుండె. నేను గోడ ఇవతల నుంచి ఇంటుంటి."

"వాళ్లమ్మగారు మీకు బాగా తెలుసా అయితే? ఎలా ఉండేవారు?"

"నోరెక్కువ ఆమెకు. పనికి మాత్రం సున్న. అంత బిడ్డనే చేసేది, ఆమె కూసొని ముచ్చట్లు చెప్పేది. గసొంటి మనిషి ఇంట్ల ఉంటే ఎవలకు సుఖం?"

"అయ్యో, అలా అంటారేంటి అవ్వా."

"ఉన్నమాట చెప్తున్న. సచ్చినోళ్లను ఊకె పొగడొద్దు."

తమ్ముడు జామచెట్టు దగ్గర నిలబడ్డాడు. అతని ముఖం నాకు కనబడలేదు, వీపు కనబడింది. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, ఏం జబ్బుతో పోయారు అని అడిగింది. అవ్వ రోడ్డు వైపు చూసింది.

"పాణం బాగలేకుండె. జల్ది పోయింది. బాధ లేకుండ పోయింది. పిల్లలు మాత్రం మంచిగ సూసుకున్నరు. గీ బిడ్డ రోజు కాళ్లు కడిగి నూనె రాసేది. గా పిలగాడు దీపం పట్టేది. గసొంటి పిల్లలు ఎవలకుంటరు బిడ్డా? ఆమె రాసి పెట్టుకొని పుట్టింది."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఆమె ఉండి ఉంటే ఈ సన్మానం చూసి ఎంత సంతోషించేదో అంది. "ఏమో," అంది అవ్వ. "ఏడుస్తుండె కావచ్చు. ఏడ్చేటోళ్లు టీవీల మంచిగ కనవడరు. లేకపోవుడే మంచిగైంది."

అంతటితో అయిపోతే బాగుండేది. ఆ అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. "మను గారూ, ఇలా రండి. అవ్వా, వాళ్లమ్మ లేరు కదా, ఆమె బదులు మీరే తలమీద చెయ్యి పెట్టి దీవించండి." కెమెరా అతను కింద కూర్చుని సరిచేసుకున్నాడు. తమ్ముడు వచ్చాడు. అరుగు ముందు మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు.

అవ్వ కొంగు కదిలింది. నేను చూశాను, కొంగు కింద కుడిచెయ్యి కొంచెం లేచి, మళ్లీ ఒళ్లోకి పోయింది. "చేతులు మట్టిగున్నయి బిడ్డా," అంది ఆ అమ్మాయితో. "నోటితోని అంట. మంచిగుండు నాయినా. దేవుడు నీకు తోడుండాలె." తమ్ముడు తల ఎత్తలేదు. దీవెన అయిపోయింది, కెమెరా అతను చాలు అన్నాడు, అయినా ఎత్తలేదు. ఆ చెయ్యి వస్తుందని భయపడ్డాడో, రావాలని కోరుకున్నాడో, నేను అతన్ని అడగలేదు. రెండూ అయి ఉంటాయి. చివరికి ఆ అమ్మాయే భుజం తట్టి లేపింది. రేపు చర్చిలో కూడా కొంచెం తీసుకుంటామని చెప్పి వాళ్లు కారెక్కారు. తమ్ముడు వాళ్ల వెనకే పోయాడు. నేను అతనికోసం వండిన కోడికూర గిన్నె మూతైనా తీయలేదు.

అవ్వను చేయి పట్టి అరుగు దింపాను. ఇంట్లోకి వచ్చి మంచం మీద కూర్చున్నాక అడిగింది, "మంచిగ చెప్పినానా బిడ్డా? ఒక్క తాన నోరు జారింది గని, సదురుకున్న." బడిలో పద్యం అప్పజెప్పి వచ్చిన పిల్లలా అడిగింది. చాయ్ గ్లాసులు కడగడానికి బయటికి పోయి, నీళ్లు వదిలి నిలబడ్డాను.

ఆ సాయంత్రమంతా అప్పటినీ ఇప్పటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. మేము చిన్నగా ఉన్నప్పుడు తలుపు దగ్గరికి వేసుకోవడానికి కారణం ఉండేది. జనం భయపడేవారు, వాళ్ల భయానికి మేము భయపడేవాళ్లం. ఇప్పుడు ఆ రోగానికి మందులు ఊరి దవాఖానలోనే ఇస్తున్నారు. మా వాడకట్టులో అవ్వ చేతుల్ని ఎవరూ పట్టించుకోరు, పిల్లలు ఆమె ఒళ్లో కూర్చుని ఆ వేళ్లతో ఆడుకుంటారు. నీళ్ల దగ్గర ఆమెను వెనక్కి జరగమనేవాళ్లు ఇప్పుడు లేరు. ఆ పని మేమే చేస్తున్నాం. మూసిన తలుపు వెనక అప్పుడు ఆమె మా తల్లి. మొన్న తలుపులన్నీ తీసి, వెలుతురు పెట్టి, ఊరంతా చూసేలా ఆమెను చనిపోయినదాన్ని చేశాం. తమ్ముడిమీద నాకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది, కోపం ఉంటే కొంత అతనివైపు పోయేది. అరుగు మీద ఆ కొంగు సరిచేసింది నేను. ఇన్నేళ్లుగా సరిచేసింది నేనే. తమ్ముడు నోరు తెరవకుండా ఆమెను లేదనిపించాడు. నేను పక్కన నిలబడి కనబడకుండా చేశాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద పనో నాకు తెలియదు. సిగ్గు పడవలసింది ఆమె కాదని మాత్రం తెలిసింది. అది తెలియడానికి అరవై ఏళ్లు దాటాలా?

మర్నాడు ఆదివారం. మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. పుట్టినరోజో, పెండ్లిరోజో, జబ్బు నయమైతేనో, కొత్త బండి కొంటేనో, ఒక కవరులో కానుక పెట్టి, మీద పేరు, కారణం రాసి సంచిలో వేస్తారు. పాస్టరయ్య వాటిని మైకులో ఒక్కొక్కటే చదివి ప్రార్థన చేస్తాడు. పొద్దున్నే లేచి అవ్వకు స్నానం చేయించి, చీర కట్టి, ఒక కవరు తీసుకుని కూర్చున్నాను. ఇంతకు ముందు మా కవర్ల మీద ఎవరో ఒకరు రాసిపెట్టేవారు. ఆ రోజు నేనే రాశాను. అక్షరాలు పెద్దవి, వరుస కిందికి జారింది.

"ఏం రాస్తున్నవ్ అంతసేపు?" అంది అవ్వ.

చదివి వినిపించాను. "ఇమ్మానుయేలుకు, సువార్తకు తల్లి అయిన ఎస్తేరమ్మ బతికి, ఆరోగ్యంగా మా ఇంట్లో ఉన్నందుకు స్తోత్రం."

ఆమె కవరుమీదికి వంగి అక్షరాలు చూసింది. "మైకుల చదువుతరు బిడ్డా," అంది.

"చదవనీ."

"టీవీవోళ్లు వస్తమన్నరు."

"రానీ."

"వాని ఇజ్జత్ పోతది."

"పోతే వాడు మనింటికి వస్తడు. కోడికూర ఇంక అట్లనే ఉన్నది."

ఆమె నవ్వలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. కొత్త చెప్పులు తొడిగితే తొడిగించుకుంది. ఆటోలో ఎక్కాక ఒక్క మాట అంది. "వాని పేరు ముందు పెట్టినవ్ కదా?" పెట్టానని చెప్పాను.

చర్చిలో తమ్ముడు మొదటి బెంచీలో ఉన్నాడు, మెడలో దండ. ఆ అమ్మాయి, కెమెరా అతను కిటికీ దగ్గర నిలబడ్డారు. అవ్వ అలవాటుగా చివరి బెంచీ వైపు తిరిగింది. నేను ఆమెను అక్కడే కూర్చోబెట్టాను, ముందుకు లాగలేదు, అంత ధైర్యం నాకూ లేదు. రెండు పాటలయ్యాయి. కానుకల సంచి వరుస వరుసకూ తిరుగుతూ వెనక్కి వస్తోంది. తమ్ముడు అందులో ఏదో వేసి తల వంచుకున్నాడు. సంచి మా బెంచీకి వచ్చింది. అవ్వ నావైపు చూడలేదు. వద్దని కూడా అనలేదు. నేను కవరు వేసి, సంచిని పక్కవాళ్లకు అందించాను.